జీతము లేని కొలువు

స్కౌటు ఉద్యమమును గూర్చి మన భాషలో వ్రాసినవారు ప్రాయికముగా బాలుర సంగతియే వ్రాసినారు: త్రాటి ముడులు, గుడారములు, చలిమంట చుట్టు పాటలు, మెడలోని రుమాలు, ఎడమచేతి కరచాలనము. ఆ బాలుర ప్రక్కన అదే దుస్తులు ధరించి నిలుచున్న నడివయసు మనిషిని గూర్చి వ్రాసినవారు తక్కువ. అతడెవరు? ఎందుకు వచ్చినాడు? వచ్చినందుకు అతనికి ఎవరేమి యిచ్చుచున్నారు? మెదకు వంటి పట్టణములో ఇవి వట్టి కుతూహలముకొద్ది అడుగు ప్రశ్నలు కావు. స్కౌటు దళమును ప్రారంభించుట సులభమే. ఒక ఆదివారము నాడు జెండా ఎగురవేసి, పెద్దలను పిలిచి, ఫొటో తీయించుకొన్నచో ప్రారంభమైనట్లే. రెండేండ్లు గడచిన పిమ్మట దానిని నడపు మనిషి ఉండుటయే కష్టము. ఆ మనిషి చరిత్రనే మేమీ ప్రసంగమునకు విషయముగా తీసికొన్నాము.

జీతము లేని పని అనగానే తెలంగాణమున మొదట స్ఫురించు మాట వెట్టి. నిజాము ప్రభుత్వ కాలములో దొరగారి పొలమునకును, మకాము వేసిన అధికారి సామానులు మోయుటకును, కులము వరుసన మనుషులు కూలి లేక పోవలసి యుండెను. 1930 లో నిజాము రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొట్టమొదటిసారి కూడినది నాటి మెదకు జిల్లాలోని జోగిపేటలోనే. అధ్యక్షులు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆ ఉద్యమము ఏండ్ల తరబడి ఎత్తిపట్టిన కోర్కెలలో వెట్టి నిర్మూలనము ఒకటి. మెదకు పట్టణములో ఎక్కడ నిలిచి చూచినను కానవచ్చు చర్చి గోపురము సంగతి వేరు. వెస్లియన్ మిషను వారైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరవు దినములలో 1914 నుండి 1924 వరకు ఆ చర్చిని కట్టించినారు. పనికి వచ్చినవారికి తిండి దొరకినది. అది వెట్టి కాదు. కాని ఆ రాళ్లు మోసినవారు ఇచ్ఛాపూర్వకముగా మోసినారనుట కూడ సరికాదు, ఆకలి మోయించినది. కాబట్టి ఈ నేలమీద వెట్టిని ఎరుగుదుము, కూలిని ఎరుగుదుము. ఎవరును ఆజ్ఞాపింపక, ఎవరును కూలి యీయక, పరుల పిల్లలకొరకు వారమునకొక సాయంకాలము వెచ్చించు మూడవ రకపు పని మరియొకటి కలదు. దానిని మొదటి రెండింటితో కలిపివేయుట పొరపాటు. మన పాఠశాలలలో ఆ పొరపాటు తరచుగా జరుగుచున్నదని మా అభిప్రాయము.

ఆ మూడవ రకపు పని పుట్టిన తీరు విచిత్రమైనది. స్కౌటు ఉద్యమమునకు మూలపురుషుడైన రాబర్టు బేడెన్ పవెల్ వృత్తిచేత సైనికుడు. 1876 లో అశ్విక దళాధికారిగా లక్నోకు వచ్చినాడు. 1897 నుండి రెండేండ్లు మీరటులో ఒక రెజిమెంటునకు అధిపతిగా నుండి, సిపాయిలకు చిన్న జట్లుగా తిరిగి జాడలు కనిపెట్టుట, నక్షలు వ్రాయుట నేర్పినాడు. ఆ పాఠములే 1899 లో పుస్తకమైనవి. ఆ సంవత్సరమే దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము వచ్చినది. మఫెకింగు పట్టణము 217 దినములు ముట్టడిలో నున్నది. పెద్దలు కాపలాలో నుండగా ఊరి బాలురు సైకిళ్లమీద ఉత్తరములు, వార్తలు మోసినారు. వారి నాయకుడు 13 ఏండ్ల బాలుడు. బరువు పెట్టినచో బాలుడు మోయగలడని బేడెన్ పవెల్ గ్రహించినది అక్కడనే అని చెప్పుదురు. సామ్రాజ్యపు యుద్ధములలో ఆరితేరిన ఈ సేనానిని మనము పూజింపనక్కరలేదు. కాని ఆ ఒక్క గ్రహింపు మాత్రము విలువైనది.

1907 ఆగస్టులో ఆయన ఇంగ్లండు దక్షిణ తీరమున బ్రౌన్‌సీ అను చిన్న దీవిలో సుమారు 20 మంది బాలురతో శిబిరము నడపినాడు. వారిలో కొందరు సంపన్నుల పాఠశాలల వారు, కొందరు సమీప పట్టణముల శ్రామికుల బిడ్డలు. తోడేలు, ఎద్దు, కాకి మున్నగు పేర్లతో నాలుగు జట్లు కట్టి, ఒక్కొక్క జట్టునకు వారిలోనే ఒకనిని పెద్దగా నిలిపినాడు. మరుసటి సంవత్సరము జనవరి నుండి ఆయన పుస్తకము పక్షమునకొక భాగముగా ఆరు భాగములు వెలువడినది. వెల నాలుగు పెన్నీలు, అనగా బాలురు తమ చేతిఖర్చులోనుండి కొనగల వెల. అప్పటికే దేశమున నడచుచున్న బాలుర సంఘములకు ఇదియొక సహాయ గ్రంథమగునని మాత్రమే రచయిత తలచినాడు. బాలురు అట్లు తలపలేదు. పుస్తకము చేతబట్టుకొని తామే జట్లు కట్టుకొన్నారు. చీపురుకర్రలే వారికి దండములైనవి. అటుపిమ్మట తమకొక పెద్ద కావలెనని వెదకుకొన్నారు. ఊరి పురోహితుని, బడిపంతులును, దుకాణదారుని, తెలిసినవాని అన్నను పట్టుకొని, మాకు మాస్టరుగా నుండుమని అడిగినారు. 1909 లో లండనులోని క్రిస్టల్ ప్యాలెసు వద్ద బాలుర మేళా జరిగినప్పుడు పిలువని పేరంటముగా బాలికలు సయితము వచ్చి నిలిచినారు. మరుసటి యేట గైడు సంఘము ఏర్పడుటకు అదియే కారణము.

శ్రోతలు ఈ వరుసను గమనింపవలెను. ముందు పిల్లలు, పిదప పెద్ద. పెద్ద వచ్చి పిల్లలను పోగుచేయలేదు. పిల్లలు పోగై పెద్దను పిలిచినారు. నేడొక తండ్రి తన కుమారుని దళమునకు నాయకుడైనచో అతడేదో క్రొత్త వింత చేయుచున్నట్లు కాదు. ఉద్యమము పుట్టిన నాటి పద్ధతికే పోవుచున్నాడు.

పిలిచినంతనే వచ్చిన ఆ పెద్దలకు ఏమి చేయవలెనో తెలియదు. కొందరు కవాతు చేయించినారు, కొందరు ఉపన్యాసములిచ్చినారు. రోలండు ఫిలిప్స్ అను యువకుడు తూర్పు లండను పేదవాడలలో దళములు నడపి, 1914 లో జట్టు పద్ధతిపై ఒక చిన్న పుస్తకము వ్రాసినాడు. పని చేయించునది జట్టు నాయకుడైన బాలుడు. మాస్టరు ఆ నాయకులకు మాత్రమే నేర్పవలెను. దళపు నిర్ణయములు నాయకుల సభలో జరుగవలెను. ఇది దాని సారము. కవాతునకు అలవడిన పెద్దలకు ఇది మింగుడుపడు మాట కాదు, ఇప్పటికిని కాదు. ఫిలిప్స్ 1916 జూలైలో ఫ్రాన్సు యుద్ధభూమిలో మరణించినాడు. తన యింటిని స్కౌట్లకు విడిచిపోయినాడు.

ఆ యుద్ధమే మరియొక ద్వారము తెరచినది. మాస్టర్లు సైన్యమునకు పోగా దళములను నిలిపినవారు అనేక స్థలములలో స్త్రీలు. 1916 లో చిన్న బాలుర శాఖ యేర్పడినప్పుడు దానికి రూపమిచ్చిన వారిలో వెరా బార్‌క్లే అను యువతి ముఖ్యురాలు. ఆ శాఖకు కథ కిప్లింగు రచించిన అడవి పుస్తకము నుండి వచ్చినది. ఆ కథలోని అడవి మన సాత్పురా కొండలలోని సివనీ ప్రాంతపుది. గుంపు నాయకుడైన తోడేలు పేరు అకేలా. చిన్న పిల్లల దళమును నడపు వ్యక్తిని పిల్లలు ఆ పేరుననే పిలుతురు. హిందీలో ఆ మాటకు ఒంటరివాడని అర్థము. అనేక పట్టణములలో దళనాయకుని స్థితికి ఆ అర్థమే సరిపోవుచున్నదని నవ్వుకొనవచ్చును.

యుద్ధానంతరము ఈ పెద్దలకు శిక్షణ యొసగు స్థలము అవసరమైనది. స్కాట్లండునకు చెందిన మెక్లారెన్ అను వ్యాపారి 7,000 పౌనులిచ్చి లండను సమీపమున గిల్వెల్ అను పాడుపడిన తోటను సంఘమునకు కొని యిచ్చినాడు. 1919 సెప్టెంబరులో అక్కడ మొదటి శిబిరము జరిగినది. వచ్చిన పెద్దలను జట్లుగా విభజించి, గుడారములలో పరుండబెట్టి, వారి వంట వారిచేతనే చేయించినారు. బాలురకు నేర్పదలచినది ముందు పెద్దలు బాలురవలె చేసి నేర్చుకొనవలెనని భావము. ముగించినవారికి తోలు త్రాటికి గుచ్చిన రెండు కొయ్యపూసలు బహుమానము. మొదటి పూసలు జులూ రాజైన దినుజులు హారములోనివి. ఆ హారము బేడెన్ పవెల్ చేతికెట్లు వచ్చినదో చెప్పు కథలు పలురకములుగా నున్నవి. అన్నియు ఆయనకు గౌరవము తెచ్చునవి కావు.

గిల్వెల్ శిబిరమునకు 1923 లో అధిపతియైన కర్నల్ విల్సన్ అంతకుముందు కలకత్తా పోలీసు శాఖలో పెద్ద అధికారి. అతడు 1917 లో కలకత్తాలోని ఒక బాలుర దళమునకు సహాయక మాస్టరుగా చేరినాడు. నగరమును గడగడలాడించు అధికారి సాయంకాలము పిల్లల ముందు ముడి వేయుట నేర్చుకొన్నాడన్న మాట. పిదప ప్రపంచ స్కౌటు కార్యాలయమునకు 1938 నుండి 1953 వరకు డైరెక్టరుగా నున్నాడు. ఈ కొలువులో పైమెట్టు ఎక్కినవారు కూడ క్రిందిమెట్టుననే ఆరంభించినారనుటకు ఇతడు సాక్షి.

అదే కాలమున మన దేశములో ఈ కొలువు అంత నిశ్చింతగా లేదు. 1909 లో కాప్టెన్ బేకర్ బెంగుళూరులో మొదటి దళమును స్థాపించినాడు. అది ఐరోపీయుల, ఆంగ్లో ఇండియనుల బిడ్డలకు మాత్రమే. జాడలు కనిపెట్టుట, సంకేతములు పంపుట భారతీయ బాలురు నేర్చినచో రేపు విప్లవకారులగుదురని ప్రభుత్వమునకు భయము. కనుక భారతీయులు తమ దళములను తామే కట్టుకొన్నారు. 1916 లో అనీ బిసెంటమ్మ, జార్జి అరండేలు మదరాసులో భారతీయ బాలుర సంఘమును స్థాపించినారు. పిల్లలు తలపాగా చుట్టినారు, స్వదేశపు పాటలు పాడినారు. మరుసటి సంవత్సరము జూన్ నెలలో మదరాసు ప్రభుత్వము స్వపరిపాలనోద్యమము నిమిత్తము ఆ యిరువురిని నిర్బంధించినది. ఉత్తరమున మదనమోహన మాలవ్యాగారు, హృదయనాథ కుంజ్రూగారు, శ్రీరామ బాజపాయిగారు సేవాసమితి స్కౌటులను పెంపొందించినారు. 1918 ప్రయాగ కుంభమేళాలో సేవాసమితి వారు యాత్రికులకు తోడ్పడినారు.

చిక్కంతయు ప్రతిజ్ఞలో నున్నది. దైవమునకును, రాజునకును విధేయుడనై యుందునని బాలుడు ప్రమాణము చేయవలెను. చేయించువాడు దళనాయకుడు. 1921 ఆరంభమున బేడెన్ పవెల్ భారతదేశమునకు వచ్చినప్పుడు గాంధీజీ సహాయ నిరాకరణము దేశమంతటను సాగుచున్నది. బిసెంటమ్మ తన సంఘమును ఆయన సంఘములో కలిపినారు. మాలవ్యాగారు కలుపలేదు. 1937 లో ఢిల్లీలో అఖిల భారత జాంబొరీ జరిగిన సందర్భమున భారతీయుల శీలమును కించపరచునట్లు బేడెన్ పవెల్ చేసిన వ్యాఖ్యలు తీవ్రమైన అలజడిని రేపినవి. మరుసటి యేట హిందుస్థాన్ స్కౌటు సంఘము వేరుగా వెలసినది. ఆ దినములలో ఆంధ్రదేశపు ఒక చిన్న పట్టణములో దళము నడపు బడిపంతులు స్థితిని ఊహింపుడు. పగలు జీతమిచ్చునది సర్కారు. వీధిలో ఖద్దరు ఊరేగింపు. సాయంకాలము పదిమంది బాలురు చేయెత్తి, తాను చెప్పిన మాటను తిరిగి చెప్పుచున్నారు. జీతము లేని కొలువైనను, ఆ కొలువులో ఏ మాట చెప్పవలెను, ఎవరిపక్షమున చెప్పవలెను అను ప్రశ్న అతనికి తప్పలేదు.

స్వాతంత్ర్యానంతరము ఆ ప్రశ్న తీరినది. నెహ్రూ, మౌలానా ఆజాదుల ప్రోద్బలమున 1950 నవంబరు 7 న వేరువేరు సంఘములు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను ఒక్క పేరున కలిసినవి. 1951 ఆగస్టు 15 న బాలికల గైడు సంఘము చేరినది. కుంజ్రూగారు మొదటి జాతీయ కమిషనరు. ప్రతిజ్ఞలో రాజు పోయినాడు, దేశము వచ్చినది. 1956 లో మధ్యప్రదేశమున పచ్‌మఢీ కొండలపై జాతీయ శిక్షణ కేంద్రము వెలసినది.

ఒక చిక్కు తీరగా మరియొకటి మిగిలినది. ఇంగ్లండులో దళము వీధిలో పుట్టి చర్చి మందిరములోనో, ఎవరి పాతకొట్టములోనో నిలిచినది. మన దేశములో అది ముఖ్యముగా పాఠశాలలనంటి పెరిగినది. దీనివలన మేలు లేకపోలేదు. మైదానము దొరకినది, హాజరు దొరకినది, పేద బాలునికిని చోటు దొరకినది. రైల్వేలో స్కౌటు కోటా క్రింద ఉద్యోగములు కూడ కలవు. కాని నాయకుడు మాత్రము తరచుగా ఉత్తర్వుచేత పుట్టినాడు. ప్రధానోపాధ్యాయుడు ఉపాధ్యాయుల వంక చూచును. క్రొత్తగా చేరినవానికో, వ్యాయామోపాధ్యాయునికో, కాదనలేనివానికో ఆ బాధ్యత అంటగట్టును. అతడు మంచివాడైనచో నేర్చుకొనును, ఇష్టపడును. అట్టివారు అనేకులున్నారు, వారికి మా నమస్కారములు. ఇష్టపడనివాడు ఆగస్టు 15 న, జనవరి 26 న పిల్లలను వరుసగా నిలిపి మిగిలిన దినములు మరచును. ఇష్టపడినవాడు బదిలీయై పోవును. అతనితో దళమును పోవును. రుమాళ్లు బీరువాలో మిగులును. వెట్టికి పేరు మార్చి సేవ అన్నంతమాత్రమున అది సేవ కాదు.

బదిలీ లేనివారు ఎవరు? ఆ ఊరి తల్లిదండ్రులు. ఇంత చరిత్ర చెప్పినది ఈ మాట కొరకే. భారత్ స్కౌట్స్ నియమములలో పాఠశాలతో నిమిత్తము లేని ఓపెన్ దళములకు చోటు కలదు. నాయకుడు ఉపాధ్యాయుడే కానక్కరలేదు. బ్యాంకు గుమాస్తా కావచ్చును, మందుల దుకాణము నడపువాడు కావచ్చును, కుట్టుపని చేయు తల్లి కావచ్చును. 2016 అక్టోబరులో మెదకు జిల్లా కేంద్రమైనది మొదలు ఉద్యోగుల రాకపోకలు హెచ్చినవి, వచ్చినవారు పోవుదురు. ఊరిలో మిగులువారిలోనుండి పదిమంది ముందుకు రానిదే ఏ దళమును నిలువదు.

పని యేమి కలదని అడుగువారికి మెదకు చుట్టు చూపవచ్చును. కోట కొండ ఎక్కుచు ప్రథమ ద్వారము, సింహ ద్వారము, గజ ద్వారముల నడుమ అడుగులు లెక్కించి నక్ష వ్రాయించవచ్చును. పై నుండి దిక్సూచితో చెరువుల దిక్కులు గుర్తింపజేయవచ్చును. చర్చి గోపురపు ఎత్తును ఎక్కకయే, ఒక కర్ర నీడను కొలిచి లెక్కగట్టుట స్కౌటుల పాత విద్య. సుమారు 175 అడుగులు రావలెను. ఎవని లెక్క ఎంత తప్పినదో వారే చూచుకొందురు. మంజీరపై 1905 లో కట్టిన ఘనపురము ఆనకట్ట కలదు. దాని కాలువల వెంట నడచిన బాలునికి అన్నము ఎక్కడనుండి వచ్చుచున్నదో పాఠము చెప్పనక్కరలేదు. పోచారము చెరువు వద్ద పక్షులు, అడవి కలవు. శివరాత్రికి ఏడుపాయలలో లక్షల జనము చేరును. మంచినీరందించుటకు, తప్పిపోయిన పసివారిని తల్లుల వద్దకు చేర్చుటకు చేతులు ఎన్నియున్నను చాలవు.

తన బిడ్డ అదే దళములో నున్న తండ్రికి ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఇంటిలో అతడు నాన్న, మైదానములో కాదు. బిడ్డ జట్టు నాయకుడైన పొరుగింటి పిల్లవాని మాట వినవలెను, తండ్రి అడ్డుపడరాదు. బిడ్డ వేసిన ముడి జారినచో జారనీయవలెను. కొందరు పక్షపాతమను మాట వచ్చునని భయపడి తమ బిడ్డకే కఠినముగా నుందురు, అదియు అన్యాయమే. దీనికి పాతవారు కనిపెట్టిన ఉపాయము ఫిలిప్స్ చెప్పినదే: నాయకుల సభకు తీర్పు వదలుట. బిడ్డకు బహుమతి యీయవలెనా, వలదా యని తండ్రి కాక తోటి బాలురు నిర్ణయింతురు. ఒంటరిగా ఒక పెద్ద పిల్లలతో నుండరాదు, ఇద్దరైనను ఉండవలెను అను నియమము నేడు అనేక దేశముల సంఘములు పాటించుచున్నవి. మెదకులో ఎవరైన ముందుకు వచ్చినచో ఆ నియమమును మొదటి దినము నుండియే పాటింపవలెనని మేము గట్టిగా చెప్పుచున్నాము. మంచి మనిషి కావుననే పాటింపవలెను. చెడ్డవానికి తాను మినహాయింపునని చెప్పుకొను వీలు అప్పుడుండదు. పైగా ఒకరికి జ్వరము వచ్చిన దినమున దళము ఆగదు.

చేరదలచినవారు జిల్లా సంఘమును కలిసి, ముందు ఒక పరిచయ తరగతికి, పిదప బేసిక్ శిక్షణ శిబిరమునకు పోవలెను. అక్కడ గిల్వెల్ నాటి పద్ధతియే: జట్టులో చేర్చుదురు, వంట చేయింతురు, తెల్లవారకముందే లేపుదురు. నలువది యేండ్ల మనిషి కట్టెలు తడిసి పొయ్యి రాజుకొనక నిలుచున్నప్పుడు పదేండ్ల పిల్లవాని అవస్థ కొంత తెలియును. అది ముగించి దళము నడపుచున్నవారికి అడ్వాన్సు శిబిరము; ఆపైన హిమాలయ వుడ్ బ్యాడ్జి, అనగా ఆ రెండు కొయ్యపూసలు. బేసిక్ శిక్షణ ముగించి నాయకత్వము స్వీకరించినవారికి సంఘము ఒక నియామక పత్రము ఇచ్చును. దాని పేరు వారంటు. మన ప్రాంతమున వారంటు అనగానే ఇంటిలోనివారు బెదరుదురు. కాబట్టి అది ఎట్టి వారంటో ముందుగానే చెప్పి యుంచుట మంచిది.